ఇనాయతుల్లా ఉప్పుదిమ్మ

ఏలూరులో చేపలు కాల్చి అమ్మే ఇనాయతుల్లా చేతులు ఎప్పుడూ జిడ్డోడుతుంటాయి. ముక్కు తుడుచుకునే తువ్వాలుతోనే పొయ్యి మీది ఉప్పుదిమ్మనూ తుడుస్తాడు. గేదెలు నాకడానికి పాకల్లో పెట్టే దిమ్మ అది. దాన్ని కాల్చి, మీద కొరమీను ముక్కలు వేస్తే రుచే వేరని అతని నమ్మకం. పగుళ్లలో పేరుకున్న పాత కొవ్వు కంపుకి భార్య సాబిరా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆరోజు ఆ కంపు పోవాలని దిమ్మను బకెట్లో ముంచి, నీళ్లోడుతుండగానే పొయ్యి మీద పెట్టి మంట పెంచాడు. పక్కనే కూతురు మునీరా ఉల్లిపాయలు తరుగుతోంది.

“ఏవండీ, లోపల తడుంటే పేలుద్దండీ. మునీరా, నువ్విటు రా అమ్మా.”

“దాన్ని కూర్చోనీ. ఉప్పేమన్నా టపాకాయా?”

కాసేపటికే దిమ్మ ఢామ్మని పగిలింది. కాలిన పెచ్చొకటి మునీరా కనుబొమ్మకు అంటుకుంది. అంగుళం కిందైతే కన్నే పోయేది. సాబిరా పిల్ల మొహాన నీళ్లు కొడుతూ తల తిప్పి చూసేసరికి, ఇనాయతుల్లా నేల మీది పెచ్చులు ఊదుకుంటూ ఏరి, లుంగీకి తుడిచి, అమ్మకానికి ఉంచిన చేపల పులుసులో వేస్తున్నాడు. ఒకదానికి పిల్ల వెంట్రుకలు అంటి ఉన్నాయి.

“ఉప్పేగా, పారేస్తామా?” అన్నాడు.

సాబిరా పులుసు గిన్నె ఎత్తి, బేరానికొచ్చినవాళ్ల ముందే మురుక్కాలవలో కుమ్మరించి, కూతురి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిచింది.