చివరిదాకా లాగని సీటుబెల్టు

కారు కొనాలనుకున్నప్పుడు నేనూ మా ఆవిడా ముందు తార్నాకలో ఒక షోరూమ్‌కి వెళ్లాం. అక్కడ కంపెనీవాళ్లే పాత కార్లను పరీక్షించి, హామీ కాగితమిచ్చి అమ్ముతారు. సేల్స్‌మన్ ఓ కారు సీటుబెల్టు చివరిదాకా లాగి చూపించాడు.

"నీళ్లల్ల మునిగిన బండయితే గీడ బురద మరక ఉంటది సార్. లోపలంతా కడుగుతరు గని దీన్ని ఎవ్వరు కడగరు."

ధర విని వెనక్కి తగ్గాను. ఒక కాగితానికి అంత ఎక్కువా అనిపించింది.

మర్నాడు యూనివర్సిటీలో ఈ సంగతి మా డిపార్ట్‌మెంట్ స్నేహితుడికి చెప్పాను. పద్దెనిమిదేళ్లుగా ఒకే గదిలో ఎదురెదురు బల్లలు మావి. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లం.

"షోరూమోళ్లకు పైసలెందుకు పోస్తవన్నా? నా కారు తీస్కో. నేనే గ్యారంటీ" అన్నాడు.

కారు చూడ్డానికి బయల్దేరుతుంటే, "గా బెల్టు ఒక్కసారి లాగి చూడుండ్రి" అంది మా ఆవిడ. కసురుకున్నాను. మనోడి ఎదుట బెల్టు లాగితే మనోణ్ణి దొంగ అన్నట్టే కదా! సర్వీసు కాగితాలు కూడా అడగలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దలు మోటుగానే చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు.

కారు కొన్నాక, పూజ రోజు నిమ్మకాయలు అతనే తెచ్చి, వంగి ఒక్కో చక్రం కింద తనే పెట్టాడు.

మూడో నెలలో కారు క్యాంపస్ రోడ్డు మీద ఆగిపోయింది. మెకానిక్ ఇంజను చూసి, వచ్చి వెనక సీటుబెల్టు చివరిదాకా లాగాడు. చివరి జానెడు మట్టిరంగులో ఉంది. ఆ షోరూమ్ మనిషి నాకేమీ కాడు. అయినా లాగి చూపించాడు.

నేరుగా మా గదికి వెళ్లి నిలదీశాను. అతను పేపర్లు దిద్దుతూనే, "నువ్వు అడగలే కదన్నా. అడిగితే చెప్పేటోన్ని" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. "ఎప్పుడు మునిగింది?" అని అరిచాను.

"పోయిన వానకాలం. మా అంబర్‌పేట సెల్లార్ల. నెల దినాలు షెడ్డుల ఉండె."

ఆ నెల నాకు గుర్తుంది. కారు తన తమ్ముడు తీసుకెళ్లాడని అప్పుడు చెప్పాడు. రోజూ సాయంత్రం నా స్కూటర్ మీద అతన్ని అంబర్‌పేటలో దింపి తార్నాకలో మా ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి. నాకున్న ఒక్క రెయిన్‌కోటూ వెనక కూర్చున్న అతనికే ఇచ్చి, నేను తడిసేవాణ్ణి.