గూళ్ళమ్మ పంచిన ఉత్తరాలు

మా మరదలు కుదురుగా కూర్చోగా నేను చూసింది రెండేసార్లు. ఒకటి పెళ్ళినాడు, అదీ తప్పక. రెండోది మొన్న, చట్టసభ సభ్యుల కార్యాలయాలుండే భవనంలో, మూడో అంతస్తు వరండాలో. ఆ రెండోదాని సంగతే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే ఉంటాయి, మాటలో మాత్రం వంకర లేదు.

ఆమె నా తమ్ముడి భార్య. తపాలా శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసింది. గోడ నిండా చెక్క గూళ్ళు, ఒక్కో పోస్టాఫీసుకి ఒక్కో గూడు. ఎడమచేతిలో ఉత్తరాల దొంతర, కుడిచెయ్యి గూళ్ళ మీద. రోజంతా నిలబడే పని. చిరునామా మొత్తం చదవదు, చివరి ముక్క కంట పడితే చాలు, ఉత్తరం గూట్లో ఉండేది. అందుకే అక్కడివాళ్ళు గూళ్ళమ్మ అని పేరు పెట్టారు. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆ కబురు ఆమె కాళ్ళకి ఇంకా అందలేదు. అన్నం నిలబడి తింటుంది, టీవీ నిలబడి చూస్తుంది, నాతో పోట్లాటా నిలబడే.

"కూర్చోవే, నిన్ను చూస్తుంటే నా తల తిరుగుతోంది" అంటాను.

"తిరిగేది నేనైతే మీ తలకెందుకు వదినా అంత శ్రమ?" అంటుంది.

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడురోజులు ఆసుపత్రిలో మెషీను పెట్టి రక్తం శుభ్రం చేస్తారు. వాడు ఏదో చిన్న ప్రైవేటు కంపెనీలో చేసి, ఉత్త చేతులతో ఇంటికొచ్చినవాడు. ఆ మెషీను దాకా వాణ్ణి తీసుకెళ్ళేది మా మరదలి కార్డే. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవాళ్ళకీ, వాళ్ళ భార్యకో భర్తకో వైద్యం చేయించే కార్డు అది. ఈ ఏడు సభలో ఒక బిల్లు పెట్టారు. ఇకమీదట ఆ కార్డు రిటైరైన మనిషికి మాత్రమేనట. భార్యలకీ భర్తలకీ లేదని అందులో ఒక క్లాజు.

తమ్ముడు ఆ వార్త విని నవ్వాడు. "చూశావటే, పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళకి సర్కారు మనకి విడాకులిప్పిస్తోంది."

ఆమె నవ్వలేదు. వంటింట్లోంచి వీధిగుమ్మానికీ, గుమ్మంలోంచి వంటింటికీ ఆ సాయంత్రమంతా నడుస్తూనే ఉంది. పొయ్యి మీద కూర మాడింది. అదీ నేనే దించాను.

బిల్లు ముందు తొమ్మిదిమంది సభ్యుల కమిటీకి వెళుతుంది. వాళ్ళలో ఎక్కువమంది వద్దంటే ఆ క్లాజు పోతుంది. తొమ్మిదిమందిలో ఆరుగురు మా చుట్టుపక్కల నియోజకవర్గాలవాళ్ళే. రిటైరైనవాళ్ళ సంఘానికి సెక్రటరీ ఒకాయన ఉన్నాడు, రైల్వేలో టికెట్లు ఇచ్చిన మనిషి. ఆయన అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "సభ్యుడు భయపడేది సొంత ఓటరుకొక్కడికే. మీ మీ సభ్యుడికి ఉత్తరం రాయండి. చేత్తో రాయండి. చెయ్యి వణికితే వణకనివ్వండి, మంచిదే."

పదిహేను రోజుల్లో సంఘానికి పదకొండు వందల ఉత్తరాలొచ్చాయి. కవర్ల మీద రాసినవాళ్ళ ఇంటి చిరునామానే గానీ ఏ సభ్యుడికో లేదు.

"పంచే పని నాకొదిలేయండి" అంది మా మరదలు. ముందుగదిలో అట్టపెట్టెలు పేర్చి గూళ్ళు కట్టింది. తమ్ముడి మంచం వంటింటి పక్కకి జరిగింది. రెండు రోజుల్లో ఆరు కట్టలు తయారయ్యాయి. సెక్రటరీ వాటిని ఆరుగురు సభ్యుల ఆఫీసుల్లోనూ ఇచ్చొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు గూట్లో వేసి ఎరగనని ఆ రెండు రోజులూ ఒకటే డప్పు. నా చెవులు దిబ్బడ వేశాయి.

కమిటీ కూర్చోబోయే ముందురోజు పొద్దున సెక్రటరీ తలుపైనా కొట్టకుండా లోపలికొచ్చాడు.

"ఏం పని చేశావమ్మా గూళ్ళమ్మా! సగం మంది మా ఓటర్లే కారని ఆరు ఆఫీసుల్లోనూ కట్టలు పక్కన పడేశారు. ఒక్కటీ చదవలేదు."

"ఏ పోస్టాఫీసు ఉత్తరాలు ఆ గూట్లోనే వేశానండీ..." అంటూ అంటూనే ఆగిపోయింది.

పోస్టాఫీసు హద్దు వేరు, నియోజకవర్గం హద్దు వేరు. ఒకే పోస్ట్‌మ్యాన్ తిరిగే వీధిలో ఎడమవైపు ఇళ్ళు ఒక సభ్యుడివి, కుడివైపు ఇళ్ళు ఇంకొకరివి. ఈ తప్పు నేను చేసేదాన్ని కాదు, నాకు రెండు హద్దులూ తెలియవు గనక అడిగి చేసేదాన్ని. ఆమెది అంత అలవాటైన చెయ్యి గనక అడగలేదు.

తమ్ముడు మంచం మీంచి, "ఊరందరి ఉత్తరాలూ సరిగ్గా వేసి, మొగుడి దగ్గరికొచ్చేసరికి తప్పావటే" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. ఆమె మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

"వదినా, సంచులు తీయండి" అంది. అంతే. మెట్లు దిగుతూ జడ వేసుకుంది.

సభ్యుల భవనం మూడో అంతస్తులో ఆరు గదుల్లోనూ కట్టలు వెనక్కి అడిగి తెచ్చాం. "పట్టుకెళ్ళండి, మాకూ చోటు కలిసొస్తుంది" అన్నాడు ఒక గుమాస్తా. ఆ నోటి దురుసుకి నేను జవాబు చెప్పబోతే మరదలు నా చెయ్యి గిల్లింది. వరండాలో పొడుగాటి కిటికీ గట్టుంది. దాని మీద ఆరు కుప్పలకి చోటు చేసింది. సెక్రటరీ ఇచ్చిన ఓటర్ల జాబితా నా చేతిలో. వీధి పేరూ, ఇంటి నంబర్లూ నేను చదవాలి, ఆమె వేయాలి.

"మీరు అక్షరాలు కూడబలుక్కునేలోపు బిల్లు పాసై ముసలిదైపోతుంది వదినా."

"చివరి ముక్క చూసి వేసినందుకేగా ఈ అవస్థ? నోరు మూసుకుని ఇంటి నంబరు చూడు."

చూసింది. ఆ చెయ్యి నెమ్మదించడం నేనెప్పుడూ ఎరగను. ఒక్కో కవరూ పై నుంచి కింద దాకా చదివి, కాళ్ళు మార్చి మార్చి నిలబడి, వేసింది. మధ్యాహ్నం దాటింది. అయిదింటికి గదులు మూసేస్తారు. ప్రతి పది నిమిషాలకీ గోడగడియారం వైపు చూసేది. నన్ను టైమెంతని అడిగేది కూడా.

నాలుగున్నరకి నాలుగో గదిలోంచి ఆ గది సభ్యురాలే బయటికొచ్చింది. "ఏంటమ్మా, ఇక్కడ దుకాణం పెట్టారు?"

"మీ ఓటర్లని మీకు అప్పజెపుతున్నానండీ. నిన్నటి కట్టలో నేనే కలగాపులగం చేశాను."

ఆవిడ ఒక కవరు తీసి చూసింది. "ఈ వీధి నాది కాదే?"

"ఎడమవైపు ఇళ్ళు మీవి. కుడివైపువి రెండో గది ఆయనవి. ఎదురెదురిళ్ళ ముసలాళ్ళిద్దరికీ ఒకటే జబ్బండీ, సభ్యులే వేరు."

ఆవిడ నవ్వి, "మీ ఇల్లెక్కడ?" అంది. మరదలు చెప్పింది. "అయితే మీరూ నా ఓటరే. మీ ఉత్తరమేది?"

మా మరదలు గట్టు మీది కుప్పల వైపు చూసింది. వెతుకుతోందనుకున్నాను. ఎక్కడుందని వెతుకుతుంది! పదకొండు వందల ఉత్తరాలు పంచిన మనిషి తనది రాయనేలేదు.

"నేను పంచేదాన్నండీ" అంది మెల్లిగా. "రాయడం తోచలేదు."

"అయిదింటి దాకా ఉంటాను" అని ఆవిడ లోపలికెళ్ళింది.

మరదలు గట్టు మీద కాగితం పెట్టి, నిలబడే ఒక వాక్యం రాసి కొట్టేసింది. ఇంకొకటి రాసి కొట్టేసింది. తర్వాత ప్యూను స్టూలు లాక్కుని కూర్చుంది. ఒళ్ళో నా చేతిసంచి పెట్టుకుని దాని మీద రాసింది. అది అక్షరం అక్షరం చదివాను గనక నాకు నోటికొచ్చు.

"అమ్మా, మా ఆయనకి వారానికి మూడురోజులు మెషీను. ఆ మూడురోజులూ పడుకునే ఉంటాడు. మిగతా నాలుగు రోజులూ నన్ను ఏడిపిస్తాడు. ఆ నాలుగు రోజులూ నాకు కావాలి. మీ క్లాజు అవే తీసేస్తోంది."

కింద సంతకం చేసి, ఇంటి నంబరు రెండుసార్లు సరిచూసుకుంది. అయిదుకి పది నిమిషాలుండగా ఆరు కుప్పలూ ఆరు గదుల్లోకి చేరాయి.

మర్నాడు కమిటీలో అయిదుగురు వద్దన్నారు, నలుగురు ఉండాలన్నారు. క్లాజు పోయింది. ఏ ఉత్తరం ఎవరి మనసు మార్చిందో నాకు తెలీదు, గొప్పలు చెప్పను. వచ్చే సమావేశాల్లో మళ్ళీ పెట్టరని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ మరుసటి రోజు తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పాత కార్డే. కౌంటరులో పిల్ల చూసి లోపలికి పంపింది. మెషీను గది బయట నేను బెంచీ మీద కూర్చున్నాను. మా మరదలు ఓటర్ల జాబితా చంకలో పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ, మధ్యమధ్య ఆగి వీధుల పేర్ల పక్కన ఏ వైపు ఎవరిదో పెన్సిలుతో గుర్తులు పెడుతోంది.

"కాసేపు కూర్చోవే" అన్నాను.

"మొన్న కూర్చున్నాను కదా వదినా" అంది.