మేడ మీది రెండు జీతాలు

చెన్నై దగ్గర తిరునిన్రవూరులో మా ఇంటి మేడ మీది వాటాను ఇద్దరు ఆఫ్రికా అమ్మాయిలకు అద్దెకిచ్చాం. ఒకమ్మాయిది కెన్యా, ఇంకొకమ్మాయిది సూడాన్. ఇద్దరూ ఇక్కడే కాలేజీలో చదివి, చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రిలో విదేశీ రోగుల మాటలు డాక్టర్లకు చెప్పే ఉద్యోగంలో చేరారు. తమిళం బాగానే పట్టుబడింది, మా ఇంట్లో మాట్లాడే తెలుగూ కాస్త వచ్చింది. నన్ను అక్కా అనేవాళ్లు.

జీతం రాగానే ఇద్దరూ ఇంటికి పంపేవాళ్లు. కెన్యా అమ్మాయి ఫోన్లో పంపిన కాసేపటికే, డబ్బు అందిందని వాళ్లమ్మ ఫోన్ చేసేది. అక్కడ పల్లెల్లో కూడా డబ్బు ఫోన్‌లోకే వచ్చి పడుతుందట, వీధి కొట్లో నోట్లుగా మార్చుకుంటారట. సూడాన్ అమ్మాయికి ఆ అదృష్టం లేదు. వాళ్ల ఊళ్లో యుద్ధం, బ్యాంకులు మూతపడ్డాయి. ఈమె ఈజిప్టులో ఉన్న మేనమామకు పంపాలి. ఆయన ఒక వర్తకుడికి కట్టాలి. ఆ వర్తకుడి మనిషి ఎవరో అక్కడ వాళ్లమ్మ చేతిలో పెట్టాలి.

ఈ తేడా మా అత్తకు మింగుడుపడలేదు.

"రెండూ ఆఫ్రికానే కదా మే? ఒగ బిడ్డది గడియలో చేరిపోతాది, ఇంగొగ బిడ్డది యాడ పోతాది?"

"అది వేరే దేశం అత్తా. ఆడ యుద్ధం జరగతా ఉండాది."

"మద్దెలో వాడు మింగేస్తే ఎవుర్ని అడిగేది?"



ఆ ఎండాకాలం సూడాన్ అమ్మాయి తను కూడబెట్టిందంతా ఒక్కసారే పంపింది. ఆ డబ్బుతో బండి మాట్లాడుకుని అమ్మా, చెల్లెలూ ఊరు దాటాలి. వర్తకుడికి కట్టేశానని మేనమామ చెప్పాడు. ఆ తర్వాత తల్లి ఫోన్ పలకడం మానేసింది. ఒక వారం పోయింది, ఇంకో వారం మొదలైంది. ఆ పిల్లకు అన్నం సయించేది కాదు. పైన అడుగుల చప్పుడు ఆగితే నేను మెట్లెక్కి చూసొచ్చేదాన్ని. కెన్యా అమ్మాయి తన తల్లి ఫోన్ వస్తే చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా పోయి మాట్లాడేది. ఎందుకలా అని అడిగితే, "మా అమ్మ గొంతు దానికి వినపడకూడదక్కా" అంది.

సెలవు రోజున ఒంటరిగా ఉంచలేక, సూడాన్ అమ్మాయిని కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గరున్న మా పుట్టింటికి తీసుకుపోయాను. మా అమ్మ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టి, చెరుకు తోట చూపించింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వింది. అంతలో ఫోన్ చూసుకుని పాలిపోయింది. తోటలో సిగ్నల్ లేదు.

"రోడ్డు మీదికి పోదాం అక్కా, తొందరగా!"

గట్ల మీద పరుగెత్తాం. తిరుత్తణి రోడ్డు చేరగానే ఫోన్ మోగింది. అయితే అది మిస్డ్ కాల్ వచ్చిందని చెప్పే మెసేజ్. ఎవరిదో తెలియని నంబరు. వెంటనే తిరిగి చేసింది. ఎవరో మగమనిషి మాట్లాడాడు. ఆ పిల్ల రోడ్డు పక్కన చతికిలబడింది.

"ఏమైంది? చెప్పమ్మా!"

"ఊళ్లో ఫోన్లు పనిచేయడం లేదట, ఇతని దగ్గర మాత్రం నెట్ ఉందట. అమ్మ అక్కడికొచ్చి చాలాసేపు ప్రయత్నించిందట. చీకటి పడకముందే ఇల్లు చేరాలని వెళ్లిపోయిందట. రేపు మళ్లీ వస్తుందట."

ఆ రేపు దాకా ఎలా గడిపామో! మర్నాడు ఆ పిల్ల పనికి పోలేదు. మధ్యాహ్నం మా వంటింట్లో ఉండగా వాళ్లమ్మ ఫోన్ వచ్చింది. మొదట ఆ పిల్ల ఏడ్చింది, తర్వాత కేకలు వేసింది. వర్తకుడి మనిషి సగం ఉంచుకుని మిగతాదే ఇచ్చాడట. ఆ మిగిలినదాంతో తల్లి బండి కట్టించింది. అయితే అందులో తనూ, కూతురూ ఎక్కలేదు, కాన్పు కష్టమైన పక్కింటి ఆమెను ఎక్కించి ఆసుపత్రికి పంపింది. ఆ బాలింతా, బిడ్డా బతికారు.

"నేను పంపింది నువ్వు బయటపడడానికమ్మా అంటే, పక్కింటామె నా కళ్ల ముందర చచ్చిపోతా ఉంటే డబ్బు దాచుకునేదా అంటోందక్కా!"

మా అత్త ఆ పిల్ల తల నిమిరింది. "మీ యమ్మ చేసింది తప్పు గాదు మే. నువ్వు అరిచింది గూడా తప్పు గాదు. రోంత అన్నం తిను."

మళ్లీ కూడబెట్టడానికి ఆ పిల్ల ఆసుపత్రిలో రెండు షిఫ్టులు చేసింది. కెన్యా అమ్మాయి ఒక నెల తన ఇంటికి పంపకుండా ఆ జీతం ఈమె చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో, వానలు మొదలయ్యాక తల్లీ చెల్లెలూ సముద్రం పక్కన బంధువుల ఊరికి చేరారు. అక్కడికీ యుద్ధం వస్తుందేమోనని ఆ పిల్ల భయం. వార్తల్లో సూడాన్ పేరు వినపడితే నేను గబగబా టీవీ ఆపేస్తాను.