ఔట్‌వర్డ్ నంబర్ 349

మీరు చదవబోయేది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో తండ్రీకొడుకుల సంఘర్షణ ఉంది. చూపు మసకబారుతున్న తల్లి ఉంది. పొద్దు వాలేలోపు తీరాల్సిన ప్రతిజ్ఞ ఉంది. 'ముందడుగు వేస్తే నీ ఇష్టం' అని హెచ్చరించే ద్వారం కూడా ఉంది.

ఇలా మొదలుపెడితే బాగుంటుంది గానీ జరిగింది అంత లేదు. నేరేడ్‌మెట్‌లో, మా ఇంటి ముందుగదిలో, మా నాన్న కంప్యూటర్లో ఒక మెయిల్‌కి నంబర్ పడలేదు. పొద్దు వాలడం కూడా కాదు, సాయంత్రం అయిదు గంటలు. ఆఫీసు టైము.

మా నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసు డిస్పాచ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. బయటికి పోయే ప్రతి ఉత్తరానికీ వరుస నంబర్ వేసి, రిజిస్టర్లో ఎక్కించడం ఆయన పని. ఆయన ఆఫీసును వదిలాడు గానీ నంబర్లను వదల్లేదు. మా ఇంట్లోంచి వెళ్ళే మెయిల్స్‌కీ ఔట్‌వర్డ్ నంబర్లుంటాయి. గ్యాస్ ఏజెన్సీకి రాసిన ఫిర్యాదు ఒకటో నంబర్. మా అక్కకు పంపిన పుట్టినరోజు శుభాకాంక్షలు రెండు వందల పన్నెండు. "మీ 212 అందినది" అని అక్క జవాబు రాయలేదని ఫోన్ చేసి మరీ అడిగాడు.

ఫోన్లోనే మెయిల్ ఉంది కదా అంటే, "ఫోన్ల రిజిస్టర్ ఏడ పెట్టాలె?" అంటాడు. అందుకే ఆయనకు కంప్యూటర్లో ఒక మెయిల్ ప్రోగ్రామ్ పెట్టి, దానికి ఒక యాడ్-ఆన్ తగిలించాను. కొత్త మెయిల్ తెరవగానే సబ్జెక్ట్‌లో తర్వాతి నంబర్ అదే వేస్తుంది. అది పెట్టిన రెండు రోజులు నన్ను మా బంధువులందరికీ ఇంజనీర్ అని పరిచయం చేశాడు. మూడో రోజు నుంచి మళ్ళీ మామూలే.

ఇక ఆ రోజు సంగతి. వచ్చే గురువారం అమ్మకు కంటి ఆపరేషన్. శుక్లాలు. గేటుకు ఆరేసిన నా రెయిన్‌కోట్‌ను అంతకు ముందే రెండుసార్లు "లోపలికి రండి" అని పిలిచింది. ఆపరేషన్ జరగాలంటే రిటైరైనవాళ్ళ హెల్త్ కార్డు చెల్లుబాటులో ఉండాలి. కార్డు గడువు ఆ రోజుతో తీరిపోతుంది. రెన్యూవల్ ఫారం సాయంత్రం అయిదులోపు కార్డుల ఆఫీసుకు మెయిల్ చేయాలి. లేకపోతే ఆపరేషన్ తేదీ పోతుంది, మళ్ళీ ఎప్పుడిస్తారో డాక్టర్‌కే తెలియదు.

ఫారం పది రోజుల కిందటే నింపి, స్కాన్ చేసి పెట్టాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు పంపలేదంటే, దానికో సిద్ధాంతం ఉంది. ముందు వచ్చిన కాగితం కట్టలో అడుగుకు పోతుంది, ఆఖరి రోజు వచ్చింది పైన ఉంటుంది. ముప్పై ఏళ్ళ అనుభవంతో వాదించడానికి నాకున్నది ఇరవై ఆరేళ్ళ వయసు మాత్రమే.

మధ్యాహ్నం రెండింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆఫీసు మెయిల్ బనియన్ మీద పంపడు. అయితే పొద్దున, ఎవరూ అడగకుండానే, ప్రోగ్రామ్ తనంతట తాను అప్‌డేట్ అయి కూర్చుంది.

"ఒరేయ్, నంబర్ ఏది?"

"ఏ నంబర్?"

"ఏ నంబర్ ఏందిరా! మూడు వందల నలభై ఎనిమిది. పడాలె గదా, పడ్తలేదు."

వచ్చి చూశాను. పైన పసుపు పట్టీలో రాసి ఉంది: ఈ యాడ్-ఆన్ కొత్త వెర్షన్‌తో పనిచేయదు, అందుకే నిలిపివేశాం. ఆఫీసుల్లో అయితే ముందు సంజాయిషీ అడుగుతారు.

"చేత్తో కొట్టు నాన్నా. మూడు, నాలుగు, ఎనిమిది. మూడు మీటలే."

ఫోర్జరీ చేయమన్నట్టు చూశాడు.

"చేతి నంబర్ల కథ నాకు చెప్తున్నవా? ఆరొందల పద్నాలుగుకు, పదిహేనుకు నడుమ 614-ఏ అని పెట్టి పాత తారీఖు ఉత్తరం దూర్చిన్రు ఒకపారి. పట్టుకున్నదెవరు?"

"నువ్వే."

"నేనే. మిషన్ ఏసిందే నంబర్."

వంటింట్లోంచి అమ్మ అంది: "నంబర్ లేకుంటే కన్ను కోయరా ఏంది? పంపుండ్రి జెర."

"నంబర్ లేకుంటే ఉత్తరమే రాలేదంటరు. ముప్పై ఏండ్లు నేను గట్లనే అన్న. ఆడ సుత నాలాంటోడే కూసోని ఉంటడు."

అలాంటివాడు ఇంకొకడు ఉంటే కష్టమే.

సరే, యాడ్-ఆన్ కొత్త వెర్షన్ వెతికాను. దొరికింది. డౌన్‌లోడ్ నొక్కాను. 'ఈ ఫైల్ పాడైంది' అంది బ్రౌజర్. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పాడైంది. నాలుగుసార్లు నొక్కి, మా వంశానికి తెలిసిన ఏకైక వైద్యం చేశాను: కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఏ పాపం తెలియని రౌటర్‌ను కూడా ఆపి వేశాను. నాన్న వెనక నిలబడి, "స్టెబిలైజర్ సుత ఆపి చూడు" అన్నాడు. అదీ ఆపాను. ఫ్యాన్ ఆగింది.

గంట తర్వాత ఒక ఫోరంలో అసలు సంగతి తేలింది. అక్కడ మొదటి ముగ్గురూ 'నాకూ ఇదే సమస్య' అని రాసి, పరామర్శకు వచ్చినట్టు వచ్చి వెళ్ళిపోయారు. నాలుగో మనిషి విషయం చెప్పాడు. ఆ ఫైల్ మీద నేరుగా నొక్కితే, బ్రౌజర్ అది తనకొచ్చిందే అనుకుని మింగబోయి కక్కేస్తుంది. కుడి బటన్ నొక్కి కంప్యూటర్లో దాచుకోవాలి. తర్వాత మెయిల్ ప్రోగ్రామ్‌లో యాడ్-ఆన్ల పేజీకి వెళ్ళి, పళ్ళచక్రం బొమ్మ నొక్కి, 'ఫైల్ నుంచి ఇన్‌స్టాల్' ఎంచుకోవాలి. పరాయి ఇంటి కొరియర్ మనం తీసుకున్నంత గొడవ, అంతే.

ఇన్‌స్టాల్ అయింది. నాకే ఒక పరీక్ష మెయిల్ పంపాను. సబ్జెక్ట్‌లో నంబర్ పడింది. ఒకటి.

"ఒకటా! ఒకటి గ్యాస్ ఏజెన్సీది!" అంటూ నాన్న బీరువాలోంచి రిజిస్టర్ తెచ్చి, మొదటి పేజీ నా ముక్కు ముందు పెట్టాడు. ఈసారైనా సరిగ్గా పడుతుందేమోనని ఇంకొకటి పంపాను. రెండు.

"రెండు సుత ఖరాబ్ చేసినవ్! అది కేబుల్ వానిది!"

లెక్కింపు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గడి యాడ్-ఆన్ సెట్టింగ్స్‌లో ఉంది గానీ బూడిద రంగులో ఉంది, వేలు పెట్టనివ్వదు. దాన్ని మార్చాలంటే ప్రోగ్రామ్ సెట్టింగ్స్ అట్టడుగున ఉన్న అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి దిగాలట. నొక్కగానే హెచ్చరిక వచ్చింది. నాన్న దాన్ని సర్క్యులర్ చదివినట్టు నిలబడి పైకి చదివాడు.

"'ప్రమాదాన్ని అంగీకరించి కొనసాగండి' అంటుంది. దీనికి పర్మిషన్ ఎవరియ్యాలె?"

"నేనిస్తున్న."

"నీ హోదా ఏంది?"

"నీ కొడుకును."

"అది హోదా గాదు."

అయినా నొక్కాను. లోపల వేల కొద్దీ వరుసలు. వెతికే గడిలో యాడ్-ఆన్ పేరు కొడితే, కౌంటర్ వరుస దొరికింది. విలువ మూడు. దాన్ని 348 చేసి మూసేశాను. తెరిచి చూస్తే మూడు. మళ్ళీ 348 చేశాను. మళ్ళీ మూడు. మా ఇంట్లో మొండితనానికి కరువు లేదు, ఇప్పుడు ఫర్నిచర్‌కి కూడా అంటింది.

నాలుగుంబావుకు అమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసును టేబుల్ అంచుకు వేలెడు ఇవతల, గాలిలో పెట్టబోయింది. నేను పట్టుకున్నాను.

వరుస చివర చిన్న టిక్ గుర్తు ఉంది. మార్చాక అది నొక్కాలి. నొక్కాను. 348 నిలిచింది. గెలిచినవాడిలా తిరిగి చూశాను. నాన్న ముఖంలో మాత్రం రక్తం లేదు.

"అంటే... దీన్ని ఎవరన్న మార్చొచ్చా?"

"మార్చొచ్చు."

"ఎంతకైనా?"

"ఎంతకైనా."

"ఎన్కకు సుత?"

"సుత."

గదిలో మౌనం ఆవరించింది అని రాయాలి ఇక్కడ. ఆవరించలేదు. పక్కింటి వాషింగ్ మెషిన్ గడగడలాడుతూనే ఉంది. నాన్న కీబోర్డును అవతలికి నెట్టాడు.

"ఇది మిషన్ గాదు. చేతి రాతే."

"చేతి రాతే అయితే చేత్తోనే కొడదాం!"

"అస్సల్ గాదు."

గడియారం నాలుగు ముప్పై అయిదు. తల గోడకేసి కొట్టుకుందామంటే ఆ గోడకు మొన్ననే సున్నం వేయించారు. అప్పుడు అమ్మ, కుర్చీ వీపు తడిమి పట్టుకుని, నిదానంగా అడిగింది.

"మీ ఆఫీసుల నంబర్ల మిషన్ ఖరాబైతే ఏం జేస్తుంటిరి?"

"ఏం జేస్తం, బాగు చేయించి, చక్రం ఎంతకు తిప్పిన్రో రిజిస్టర్ల రాసి, తిప్పినోని సంతకం, సాక్షి సంతకం..." అని ఆగిపోయాడు.

"మరి రాయుండ్రి," అంది అమ్మ.

ఎర్ర పెన్ను బయటికొచ్చింది. రెండోసారి పడిన 1, 2 నంబర్లు రద్దు. కారణం: పరీక్ష. కౌంటర్ 348కి సవరించడమైనది. సవరించినవారి సంతకం నేను పెట్టాను. హోదా అన్న చోట ఆయనే, కాస్త ఆలోచించి, 'కొడుకు' అని రాశాడు. సాక్షి అమ్మ. ఆమె వేలు పట్టుకుని గీత మీద పెడితే, సంతకం అక్కడ మొదలై రెండు వరుసలు దిగి ఆగింది.

ఈలోపు నేను, పనిచేస్తోందో లేదో చూద్దామని, బుద్ధి లేక ఇంకో పరీక్ష మెయిల్ పంపాను.

"348 ఎటు పోయింది?"

"నాకొచ్చింది."

మళ్ళీ ఎర్ర పెన్ను. రద్దు, కారణం, సంతకం, సాక్షి. నాలుగు యాభై ఒకటి. కొత్త మెయిల్ తెరిస్తే 349 పడింది. నాన్న ఫారం జతచేశాడు, జతచేసిన దాన్ని తెరిచి మొదటి అక్షరం నుంచి చదివాడు, చొక్కా సర్దుకున్నాడు, పంపాడు. నాలుగు యాభై ఏడు.

కార్డు రెన్యూ అయింది. గురువారం అమ్మకు ఆపరేషన్ కూడా అయిపోయింది. ఆ తర్వాతి సోమవారం నాన్న కార్డుల ఆఫీసుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, తన 349ని ఏ నంబర్ కింద నమోదు చేసుకున్నారో తెలపమన్నాడు.

"349 ఏంది అంకుల్?" అంది అవతలి అమ్మాయి.

సబ్జెక్ట్‌లో ఉంటుంది, చూడమని నాన్న చెప్పాడు. ఆమె విసుక్కోకుండానే వివరించింది. వాళ్ళు మెయిల్‌కి జతచేసిన ఫారం ఒక్కటే ప్రింట్ తీసి ఫైల్లో పెడతారు. సబ్జెక్ట్ ప్రింటులో రాదు.