రెండింతల వేగంలో నేను

ఆన్‌లైన్ డిగ్రీకి పాఠాలు ఒకసారి రికార్డు చేస్తే చాలు, దూరవిద్యలో మాస్టారు కూడా దూరంగానే ఉండొచ్చని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. వాట్‌గంజ్ వెళ్లే బస్సులో పక్కసీటు అమ్మాయి ఫోనులో నా ఆర్థికశాస్త్రం పాఠమే రెండింతల వేగంతో కీచుమంటూ పరుగెడుతోంది.

"ఎందుకమ్మా అంత వేగం?"

"మామూలుగా ఇంటే నిద్దరొచ్చేస్తాది అంకుల్. డౌటొస్తే ఈయన్నేటి అడగ్గలను? ఈసారీ తప్పితే సదువు మానెయ్యడమే."

పాఠంలో స్లైడ్లే తప్ప నా ముఖం కనపడదు; నా అసలు గొంతు కూడా ఎన్నడూ విననందున ఆమె నన్ను గుర్తుపట్టలేదు. దసరా పూజల ముందు మెటియాబ్రుజ్ పేటలో దర్జీల కూలి ఎందుకు పెరుగుతుందో చెబుతూ, గిరాకీ గురించి ఆమె డౌటు తీర్చాను.

దిగుతూ నవ్వింది: "ఆ మాస్టారికీ కాస్త నేర్పండి అంకుల్!"

ఆ వారం నుంచే ప్రతి ఆదివారం ప్రత్యక్షంగా క్లాసు పెట్టాను. ఎన్ని డౌట్లయినా అడగొచ్చు. వేగం పెంచే మీట మాత్రం ఉండదు.