జిమ్మీ ఎందుకు కరిచింది

స్వర్ణకుమారి ఖరగ్‌పూర్‌లోనే పుట్టింది. తాత ఎప్పుడో బొబ్బిలి వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. ఆమె ఒక చిన్నపిల్లల బడిలో ఆయా. మొగుడు జాకబ్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లు. పిల్లల్లేరు. ఫోర్‌మన్ ముందు జీవితమంతా వంగిన జాకబ్ నడుం, ఇంటి గుమ్మం దాటగానే నిటారుగా నిలబడేది. ఇంట్లో ఆయన మాటకి ఎదురుండకూడదు. ఉంటే చెయ్యి లేచేది. ఆ సంగతి స్వర్ణకుమారి ఎవరికీ చెప్పుకోలేదు, వింటే ఓదార్చే వాళ్ళకి కూడా.

జిమ్మీని తెచ్చింది ఆమే. గోల్‌బజార్ చేపల వరసలో, కాలువ పక్కన వణుకుతున్న ఊరకుక్క పిల్ల. చేప తలలు తిని ఏపుగా పెరిగింది. జాకబ్‌కీ అదంటే ముద్దే. "కూర్చో" అంటే కూర్చునేది, "సెయ్యియ్యి" అంటే కాలు అందించేది. ఆదివారం చర్చి నుంచి ఎవరైనా ఇంటికొస్తే ఆయన కాఫీకన్నా ముందు జిమ్మీని చూపించేవాడు.

అలాంటి కుక్క ఒక మధ్యాహ్నం ఆయన్ని కరిచింది. పేపరు చదువుకుంటూ దాని చెంప నిమిరాడు, అంతే. బొటనవేలు చీరుకుపోయింది.

"అన్నం పెట్టిన సెయ్యే కరుస్తావేటి!" అని జాకబ్ బెల్టు తీశాడు.

ఆసుపత్రికెళ్ళి సూది వేయించుకొచ్చాక మళ్ళీ తీశాడు. ఆ రోజు నుంచి దానికి బుద్ధి చెప్పడం ఆయనకొక ఉద్యోగమైంది. గోడ పక్కన ఎండలో కట్టేసేవాడు. పస్తు పెట్టి, ఆనక గిన్నె ముందు పెట్టి, కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. మూతి దగ్గరికి చెయ్యి చాపి చూసేవాడు. గుర్రుమంటే కొట్టేవాడు. కొట్టినకొద్దీ అది గుర్రుమనేది. పాలవాడి పిక్క పట్టుకుంది. వీధిలో వాళ్ళు గొడవకొచ్చారు.

స్వర్ణకుమారి మాత్రం వేరే సంగతి చూసింది. జిమ్మీ తల ఒక పక్కకి వాల్చి నములుతోంది. ఎంతో ఇష్టమైన చేప తల నోట్లోంచి జారవిడిచి, దాన్నే చూస్తూ కూర్చుంటోంది. కంటి కింద చిన్న వాపు.

"దానికేదో నొప్పున్నట్టుందండీ," అంది.

"నొప్పి కాదే, పొగరు. నీకేటి తెల్సు?" అన్నాడు జాకబ్.

ఆయన పెన్షన్ పనిమీద బ్యాంకుకెళ్ళిన పూట, ఆమె పాత చీర పేలికతో జిమ్మీ మూతి కట్టి, ఆటోవాడిని "దాదా, దాదా" అని బతిమాలుకుని ఇందా అనే పేటలో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బెంగాలీ డాక్టరు మత్తిచ్చి నోరు తెరిచి చూశాడు. లోపలి దవడ పన్ను చీలి పుచ్చిపోయింది. చీము కంటి కిందదాకా పాకింది.

"నెలల తరబడి దీనికి నొప్పి ఉండుంటుంది దీదీ," అన్నాడు. "ఏ జంతువూ ఉన్నట్టుండి ఊరికే మారిపోదు. చెంప ముట్టుకుంటే ప్రాణం పోతోంది, కరిచింది. ఇంకెలా చెబుతుంది?"

పన్ను పీకాక, చెయ్యి కడుక్కుంటూ దాని వీపు మీది వాతలు చూశాడు.

"ఇంట్లో ఎవరైనా కొడతారా?"

"లేదండీ," అంది స్వర్ణకుమారి. "గోడ మీంచి పడ్డాది."

అలాంటి అబద్ధం ఆమెకి అలవాటే. తన ఒంటి మీది మచ్చల గురించి బడిలో అడిగితే చెప్పేదీ అదే, పడ్డానని. డాక్టరు ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "పన్నంటే నేను తీశాను. భయం తీయడానికి నా దగ్గర మందు లేదు. కొట్టేవాళ్ళుంటే ఆపమనండి," అన్నాడు.

నాలుగు రోజుల్లో వాపు దిగింది. జిమ్మీ గుర్రుమనడం మానేసింది. ముఖం నిమిరినా ఊరుకుంది. జాకబ్ పొంగిపోయాడు. వీధిలో అందరికీ చెప్పాడు.

"సూసినావా? బెల్టుకి దారికొచ్చింది. మనిసైనా కుక్కైనా అంతే."

చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళానంటే ఆ బెల్టు ఎటు తిరుగుతుందో స్వర్ణకుమారికి తెలుసు.

కరవడం మానింది గానీ జిమ్మీ మునుపటి జిమ్మీ కాలేదు. జాకబ్ చెప్పుల చప్పుడు వింటే మంచం కిందకి దూరేది. ఏ మగవాడు దగ్గరికొచ్చినా వెనక్కి వెనక్కి పాకేది.

ఆ నెల ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాటలయ్యాక, అందరూ టీలు తాగుతుంటే, జాకబ్ గర్వంగా పిలిచాడు. "జిమ్మీ! రా, సెయ్యియ్యి."

జిమ్మీ మంచం కిందనుంచి పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చింది. ఆయన చెయ్యి చాపగానే అక్కడే, అందరి కాళ్ళ ముందే, ఉచ్చ పోసేసింది.

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. సంఘపెద్ద సత్యవేదం గారు టీ కప్పు కింద పెట్టి, "ఏటి జాకబ్, కొడతన్నావేటి దీన్ని?" అని అడిగి, ఎందుకో స్వర్ణకుమారి వైపు చూశాడు.

జాకబ్ ముఖం నల్లబడింది. స్వర్ణకుమారి గుడ్డ తెచ్చి నేల తుడిచింది.

మర్నాడు ఆమె బడి నుంచి వచ్చేసరికి గొలుసు ఖాళీగా ఉంది. జాకబ్ అన్నం తింటున్నాడు.

"జిమ్మీ ఏదండీ?"

"లోకల్ రైలెక్కించి దించేసినాను."

"ఎక్కడ?"

"ఎక్కడో. కరిసినప్పుడే నయం. మగతనమైనా ఉండేది దానికి."

ఆమె భయం మరిచి మొత్తం చెప్పేసింది: పన్ను, చీము, ఇందా డాక్టరు. "మీ బెల్టు కాదండీ. నొప్పితో కరిసినాది. నొప్పి పోయినాక మీరంటే భయమొక్కటే మిగిలినాది."

జాకబ్ ముద్ద మింగి, "అయితే ముందే సెప్పాల్సింది. నువ్వు దాసినావు కాబట్టే అది పోయింది," అన్నాడు.

ఆ మాట ఏ దెబ్బకన్నా లోతుగా దిగింది. అందులో రవ్వంత నిజముంది మరి.

సెలవు దొరికినప్పుడల్లా ఆమె లోకల్ ఎక్కి స్టేషన్ స్టేషన్‌లోనూ దిగి అడిగింది. జక్‌పూర్‌లో ఎవరూ చూడలేదు. మాద్‌పూర్‌లో టీ అమ్మే ముసలామె గుర్తుపట్టింది.

"గోధుమ రంగు కుక్కే కదా? వచ్చిన ప్రతి బండికీ ఎదురెళ్ళి ఆడవాళ్ళ పెట్టె దగ్గర వాసన చూసేది. నేను బిస్కెట్ వేస్తే తినేది. మంచి కుక్క. ఒక పోర్టరు పాపం ముద్దు చేద్దామని చెయ్యి చాపాడమ్మా, అది హడలిపోయి పట్టాల మీదకి దూకింది. గూడ్సు వస్తోంది అప్పుడు."

స్వర్ణకుమారి అక్కడే బల్ల మీద కూర్చుంది. ముసలామె ఇచ్చిన టీ చల్లారిపోయింది.

ఇంటికొచ్చి చెబితే జాకబ్ వార్తలు చూస్తూ, "పోన్లే, పీడా పోయింది," అన్నాడు.

కొన్నాళ్ళకి జాకబ్ వర్క్‌షాపు స్నేహితుడు రిచర్డ్ దగ్గర్నుంచి ఒక కుక్కపిల్లని పట్టుకొచ్చాడు. తెల్లది, కాళ్ళు కూడా సరిగ్గా నిలవనిది. "ఈసారి సిన్నప్పట్నుంచే బుద్ధి నేర్పిస్తాను. పాలు పట్టు," అని స్నానానికి వెళ్ళాడు.

స్వర్ణకుమారి పాలు పట్టింది. తర్వాత పిల్లని కొంగులో చుట్టుకుని, ఇందా వెళ్ళే ఆటో ఎక్కి, డాక్టరు బల్ల మీద పెట్టింది.

"దీన్ని ఎవరికైనా ఇచ్చేయండి. మా ఇంట్లో కొడతారు," అంది.

తిరిగొచ్చేసరికి జాకబ్ గుమ్మంలో ఉన్నాడు. "పిల్లేదే?"

"ఇచ్చేసినాను. ఎక్కడో సెప్పను."

చెయ్యి లేచింది. ఆమె గోడకి తగిలి కింద పడింది. ఇంకోసారి అడిగాడు. ఆమె చెప్పలేదు. మూడోసారి అడిగినప్పుడు కూడా చెప్పలేదు.

మర్నాడు బడిలో టీచరమ్మ ఆమె పెదవి చూసి, "ఏమైంది దీదీ?" అంది.

స్వర్ణకుమారి పిల్లల ప్లేట్లు కడుగుతూనే, "మా ఆయన కొట్టినాడు," అంది.