ఇనుప మజ్జిగ

తవిటయ్యది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని. ఏళ్ళ తరబడి సమ్మెట ఎత్తిన చెయ్యి ఇప్పుడు కొళాయి తిప్పడానికే వణుకుతోంది. ఒంటి రంగు పాత రాగిచెంబులా ముదిరింది. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఖాకీ చొక్కాకి గుండీలు పట్టడం లేదు. మూడేళ్ళ కిందట పచ్చకామెర్లు వచ్చి తగ్గాక ఈ నీరసం పట్టుకుంది. రక్తం లేకే ఇదంతా అనుకుంది పెళ్ళాం సింహాచలమ్మ. ఆయన వర్క్‌షాపు నుంచి తెచ్చిన బోల్టునే ఎర్రగా కాల్చి, రోజూ పుల్లమజ్జిగలో ముంచి ఇస్తోంది. పైన ఇనుము టానిక్కు సరేసరి. ఇనుముతో బతికినవాడికి ఇనుమే బలమని తవిటయ్యా నమ్మాడు.

ఈవేళ పరీక్షల కాగితాలు చూసి బెంగాలీ డాక్టరుబాబు తల పట్టుకున్నాడు. కామెర్ల వైరస్ పోనే లేదట, లోపలే ఉండి కాలేయాన్ని తినేస్తోందట. ఒంట్లోకి వెళ్ళిన ఇనుము బయటికి పోయే దారిలేక ఆ పుండు మీదే పేరుకుందట. రెండూ కలిసేసరికి కాలేయమంతా మచ్చలు కట్టి రాయైపోయిందట. "ఇంత ఇనుము ఎవరిచ్చారు దాదా?" అని అడిగాడు. తవిటయ్యకి బోల్టు కాల్చి కాల్చి బొబ్బలెక్కిన సింహాచలమ్మ వేళ్ళు కళ్ళముందు మెదిలాయి.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సింహాచలమ్మ గ్లాసుతో ఎదురొచ్చింది. "డాక్టరు ఏటన్నాడు మావా?"

గ్లాసు అందుకుని, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. మూతి తుడుచుకుని, "బలం వచ్చేసినాదన్నాడే. రేపట్నుంచి ఇది అక్కర్నేదట," అన్నాడు.

ఆమె మొహం వెలిగిపోయింది. పొయ్యి పక్కనున్న బోల్టును తీసి చెంగుతో తుడిచి కళ్ళకద్దుకుంది.

"నాను సెప్పనేదేటి మావా, తాగిన ఇనుము ఎక్కడికీ పోదని!"